కొత్త వస్తువు కదలనప్పుడు ఆపేయాలా, మరోలా ప్రయత్నించాలా?

నమస్కారమండీ. మీ బృందం రెండేళ్లు శ్రమించి చేసిన కొత్త వస్తువును వాడినవారు మెచ్చుకుంటున్నా, ప్రకటనలు ఎన్ని ఇచ్చినా అది అమ్ముడుపోవడం లేదనీ, పైవారు ఆపేయమంటున్నారనీ రాశారు. ఆపే ముందు అమెరికాకు చెందిన త్రీఎమ్ సంస్థ అనుభవాన్ని ఒకసారి చూడండి.

1968లో అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుండగా, అంటుకున్నా సులువుగా ఊడివచ్చే బలహీనమైన జిగురు తయారైంది. దాని ఉపయోగం ఏళ్ల తరబడి ఎవరికీ తోచలేదు. చర్చి గాయకబృందంలో పాడే సహోద్యోగి ఆర్ట్ ఫ్రై, పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితపు ముక్కలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురును కాగితానికి పూయవచ్చని 1974లో గ్రహించారు. అయినా ఆ జిగురు పూసిన, అంటించి తీసేయగల చిన్న చీటీలను 1977లో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే ఆశించిన స్పందన రాలేదు. మరుసటి ఏడాది బోయిసీ నగరంలో ఉచితంగా పంచగా, వాడినవారిలో అత్యధికులు కొంటామన్నారు. 1980లో అవి పోస్ట్-ఇట్ పేరుతో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. వస్తువు అదే, జనం చేతికి అందించిన తీరు మారింది.

మీ వస్తువు విలువ కూడా వాడితేనే తెలిసేదైతే, ప్రకటనల డబ్బును నమూనాలకు మళ్లించి, ఒకే చోట కొద్దిమందికి ఇచ్చి, అవి అయిపోయాక ఎందరు సొంత డబ్బుతో మళ్లీ అడుగుతున్నారో లెక్కపెట్టండి. బాగుందన్న మాటకంటే (మర్యాదకు చాలామంది అంటారు) ఆ లెక్కే నమ్మదగినది. గడువునూ ఖర్చు పరిమితినీ ముందే కాగితం మీద పెడితే పైవారు ఒప్పుకోవడం సులువవుతుంది. మళ్లీ అడిగేవారు లేకపోతే మాత్రం గడువు పొడిగించమని కోరకుండా, బృందాన్ని నిందించకుండా వేరే పనికి మళ్లించండి.