వేలం ముగిశాక అమ్మినవాళ్లు వెనక్కి తగ్గితే: రద్దు మీ పేరు మీద పడనివ్వకండి

"ఆన్‌లైన్ వేలంలో హెచ్చుపాట నాదే. డబ్బు కూడా కట్టేశాను. మర్నాడు అమ్మినాయన వస్తువు కిందపడి పగిలిందనీ, క్యాన్సిల్ రిక్వెస్ట్ నన్నే పెట్టమనీ, పెట్టిన వెంటనే డబ్బు తిరిగి వేస్తాననీ మెసేజ్ పంపారు. పెట్టాలా?" అని కదా అడిగారు.

పెట్టకండి. కింద రాసినదంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. అమ్మనన్నది ఆయన, కాబట్టి రద్దు చేయాల్సిందీ ఆయనే. ఆ బటన్ మీ చేత నొక్కించాలని చూడటానికి కారణం ఉంది.

ఈబే అనే పెద్ద ఆన్‌లైన్ వేలం సైట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ అమ్మేవాళ్లు ఆర్డర్ రద్దు చేయాలంటే కారణం ఎంచుకోవాలి. కొన్నవాళ్లే వద్దన్నారని, చిరునామాలో ఇబ్బంది ఉందని, సరుకు అయిపోయింది లేదా పాడైందని, ఇలా ఉంటాయి. సరుకు లేదు, పాడైంది అని ఎంచుకుంటే అమ్మినవాళ్ల ఖాతాలో ఒక మచ్చ పడుతుంది. ట్రాన్సాక్షన్ డిఫెక్ట్ అంటారు దాన్ని. కొన్నవాళ్లే వద్దన్నారు అని పెడితే ఏ మచ్చా పడదు. మీరు రిక్వెస్ట్ పెడితే, కొన్నవాళ్లే వద్దన్నారు అనే ఆ కారణాన్ని మీ చేత్తోనే రాసిచ్చినట్టు. తర్వాత ఎవరికి ఫిర్యాదు చేసినా, రికార్డులో మాత్రం మనసు మార్చుకున్నది మీరే అని ఉంటుంది.

ఆ మచ్చకు ఎంత విలువో కూడా చెబుతాను. ప్రతి నెలా 20వ తేదీన ఈబే ఈ లెక్కలు చూస్తుంది. గడిచిన మూడు నెలల్లో 400 లేదా అంతకుమించి లావాదేవీలు ఉంటే ఆ మూడు నెలలే లెక్క, లేకపోతే ఏడాది మొత్తం. మచ్చపడ్డ లావాదేవీలు మొత్తంలో 2 శాతం దాటితే ఖాతా ప్రమాణాల కంటే దిగువకు పడిపోతుంది. మంచి అమ్మకందారులకు ఈబే ఇచ్చే టాప్ రేటెడ్ గుర్తు నిలవాలంటే హద్దు 0.5 శాతమే. ఏడాదికి 200 అమ్మే మనిషి నాలుగు రద్దులతో గీత మీదికొస్తాడు, ఐదోదానితో దాటేస్తాడు. దాటితే కమిషన్ పెరుగుతుంది, వెతికేవాళ్లకు ఆయన సరుకు ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఒకటి రెండు మచ్చలకే ఎవరి స్థాయీ పడిపోదు. కానీ ఇదే పనిగా అమ్ముకునేవాళ్లు ఒక్క మచ్చ కూడా వద్దనుకుంటారు. అందుకే మిమ్మల్ని బతిమాలుతున్నారు.

ఏడాదికి నాలుగైదు వస్తువులు అమ్మేవాళ్లకు మాత్రం ఈ శాతాలతో పనిలేదు. వాళ్ల విషయంలో మీ చేతిలో ఉన్నది, కొన్నవాళ్లు అందరికీ కనిపించేలా రాసే అభిప్రాయం, అంటే ఫీడ్‌బ్యాక్ ఒక్కటే. రద్దయిన ఆర్డర్ మీద కూడా ఫీడ్‌బ్యాక్ రాయొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. 2008 నుంచి ఈబేలో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు నెగెటివ్ ఇవ్వలేరు కాబట్టి, తిరిగి మీకూ ఇస్తారేమోనన్న భయం అక్కర్లేదు. తిట్లు మాత్రం రాయకండి. తిట్టు ఉంటే తీసేయించుకునే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. "వేలం ముగిసి డబ్బు కట్టాక రద్దు చేశారు. పాడైందన్నారు, ఫోటో అడిగితే పంపలేదు." ఇంత చాలు. తర్వాత పాడబోయేవాళ్లకు కావాల్సిందీ అదే.

ఇక ఫోటో సంగతి. పగిలింది, తడిసింది, పోయింది అనే మాట వచ్చినప్పుడు నేను చెప్పే జవాబు ఒకటే. సైట్‌లోని మెసేజ్‌ పెట్టెలోనే, మర్యాదగా ఇలా రాయండి: "అయ్యో, అలాగా. పగిలినా ఫర్వాలేదు, నాకు కావాలి. ఇప్పుడు ఎలా ఉందో రెండు ఫోటోలు పంపండి, చూసి చెబుతాను." నిజంగా పగిలినవాళ్లు గంటలో ఫోటో పంపుతారు, క్షమాపణ కూడా చెబుతారు. పగలనివాళ్లు జవాబివ్వరు, లేదా పారేశామంటారు. ఏది జరిగినా అది మెసేజ్‌లలో తేదీతో సహా నిలిచిపోతుంది. ఫోన్‌లో మాట్లాడదాం, వాట్సాప్‌కి రండి అంటే వెళ్లకండి. బయట మాట్లాడింది సైట్ వాళ్లు చూడరు, పట్టించుకోరు.

డబ్బు వెంటనే కట్టడం మీరు చేసిన మంచి పని. చాలామంది అమ్మేవారి ధోరణి తేడాగా కనిపించగానే, చూద్దాంలే అని చెల్లింపు ఆపుతారు. అదే పెద్ద పొరపాటు. గెలిచాక నాలుగు రోజుల్లో కట్టకపోతే, కొన్నవాళ్లు డబ్బు ఇవ్వలేదు అనే కారణంతో అమ్మేవాళ్లు శుభ్రంగా రద్దు చేసుకోవచ్చు. అప్పుడు మచ్చ పడేది మీ ఖాతాలో. అలా రెండు మూడు పడితే కొందరు అమ్మేవాళ్ల వేలాల్లో మిమ్మల్ని పాడనివ్వరు కూడా. అమ్మేవాళ్లు మొత్తం బిల్లు పంపకుండా, పోస్టేజీ ఎంతో చెప్పకుండా సాగదీస్తున్నా ఆ నాలుగు రోజులూ గడవనివ్వకండి. బిల్లు పంపమని సైట్ ద్వారానే అడగండి.

రద్దయ్యాక అసలు పని మొదలవుతుంది. ఆ వస్తువు మళ్లీ అమ్మకానికి వస్తుందేమో చూడాలి. ధర తక్కువ పలికిందని రద్దు చేసినవాళ్లకు ఇంకా దాన్ని అమ్మాలనే ఉంటుంది. కొన్ని రోజులకో కొన్ని వారాలకో అది తిరిగొస్తుంది. ఈసారి వేలంగా కాకుండా ఖరారు ధరకు పెడతారు, లేదా మొదటి పాటే ఎక్కువగా ఉంటుంది. శీర్షికలో మాటలు అటూ ఇటూ మారుస్తారు కాబట్టి పేరుతో వెతికితే దొరకదు. ఆ అమ్మకందారు పెట్టిన మిగతా వస్తువుల పేజీని సేవ్ చేసుకుని రెండు మూడు రోజులకోసారి చూడండి. ఫోటోలు పక్కపక్కన పెట్టి పోల్చండి. మొత్తం వస్తువును చూస్తే ఏమీ తేలదు, ఒకే రకం వస్తువులన్నీ ఒకేలా ఉంటాయి. మూలన ఉన్న గీత, రంగు లేచిన చోటు, స్టిక్కర్ చింపిన మరక, వెనకవైపు సీరియల్ నంబర్, స్క్రూ తలలో పడ్డ గాటు, ఇవి చూడండి. కింద పరిచిన గుడ్డ, వెనక గోడ కూడా చెబుతాయి. కెమెరా లెన్సు అయితే ముందు అద్దం చుట్టూ ఉన్న అక్షరాల్లో ఎక్కడ పెయింట్ పోయిందో చూస్తే చాలు, రెండు లెన్సులకు ఒకేచోట పోదు. అదే వస్తువని తేలితే పాత, కొత్త లిస్టింగుల (అమ్మకం పేజీల) నంబర్లు రెండూ ఇచ్చి సైట్ వాళ్లకు రిపోర్ట్ చేయండి. పాడైందన్న వస్తువు చెక్కుచెదరకుండా మళ్లీ అమ్మకానికొచ్చిందంటే అంతకుమించిన ఆధారం ఉండదు.

ఇలా పోల్చాలంటే పాత పేజీ మీ దగ్గర ఉండాలి. ముగిసిన లిస్టింగ్ ఎల్లకాలం కనిపించదు. గెలిచిన రోజే లిస్టింగ్ నంబర్, పూర్తి వివరణ, అన్ని ఫోటోలు, ముగిసిన సమయం, ఆఖరి ధర, బిడ్ల చరిత్ర (ఏ ఖాతా ఎంతకు పాడిందో చూపే జాబితా) సేవ్ చేసుకోండి. స్క్రీన్‌షాట్‌లో సగం పేజీయే వస్తుంది, పీడీఎఫ్‌గా ప్రింట్ తీయడం మేలు. ఫోటోలను మాత్రం విడిగా, పెద్ద సైజులో దింపుకోండి.

"డబ్బు తిరిగొచ్చింది కదా, వదిలేయండి" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఏడు రోజుల వేలంలో మీరు ఏడు రోజులు ఆగారు. ఆ వారంలో అలాంటివే మరో రెండు కనిపించినా, ఇది దక్కుతుందని వాటిని వదిలేశారు. మీ డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుంది. అవతలివాళ్లకు మాత్రం కట్టిన కమిషన్ వెనక్కి వస్తుంది, వస్తువు ఉంటుంది, ఎంతమంది ఎంతవరకు పాడతారో కూడా తెలిసిపోతుంది. నష్టం ఒకవైపే ఉన్నప్పుడు వదిలేయమనడం సలహా కాదు.

చట్టం కూడా ఈ విషయంలో కొన్నవాళ్ల వైపే మాట్లాడింది. 2007లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో వస్తువు ఏమిటో తెలుసా, రెండో ప్రపంచ యుద్ధం నాటి విర్రవే విమానం. ఈబేలో వేలానికి పెట్టారు, కనీస ధర లక్షా యాభై వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఒకాయన సరిగ్గా అంతకే పాడి గెలిచాడు. అమ్మినాయన ఇవ్వనన్నాడు. అప్పటికే ఇంకొకరికి లక్ష డాలర్లు ఎక్కువకు ఇస్తానని ఒప్పుకున్నాడు మరి. ఆన్‌లైన్‌లో పెట్టినది నిజమైన అమ్మకం ఒప్పందం కాదని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఎదురుగా నిలబడి పాడే వేలంలో మూడోసారి అన్నాక ఎలా వెనక్కి పోలేరో, ఇక్కడ గడువు ముగిసి హెచ్చుపాట తేలాక కూడా అంతేనంది. నష్టపరిహారంతో సరిపెట్టకుండా, ఆ విమానాన్నే అప్పగించమంది. అలాంటి వస్తువు డబ్బు పెట్టినా మరోచోట దొరకదు కాబట్టి అదే న్యాయం.

జర్మనీలో 2014లో దేశ అత్యున్నత సివిల్ కోర్టు చూసిన కేసు ఇంకా స్పష్టంగా ఉంటుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ పసాట్ కారును కనీస ధర లేకుండా 1 యూరోతో వేలానికి పెట్టారు. ఒకరు 555.55 యూరోల వరకు వెళ్లేలా పాట పెట్టుకున్నారు. బయట 4,200 యూరోలిచ్చే మనిషి దొరికాడని అమ్మినాయన వేలాన్ని మధ్యలోనే ఆపేశాడు. అప్పటికి పాట 1 యూరో దగ్గరే ఉంది. కారు విలువ 5,250 యూరోలు. పాట పెట్టినవాళ్లకు 5,249 యూరోలు కట్టమని అమ్మినాయనకు చెప్పింది కోర్టు. తక్కువకు దక్కుతుందన్న ఆశతో కొనేవాళ్లు, పోటీలో ధర పెరుగుతుందన్న ఆశతో అమ్మేవాళ్లు వస్తారు, కనీస ధర పెట్టకుండా ఒక యూరోకు మొదలుపెట్టిన ప్రమాదం అమ్మినవాళ్లదే అని తీర్పు. పరిహారం లెక్క కూడా ఇందులోనే ఉంది చూడండి: వస్తువు బజారు విలువలోంచి మీరు గెలిచిన ధర తీసేయాలి. మీకు తేడా ఎంతో అదే పద్ధతిలో వేసుకోండి. చిన్న మొత్తమైతే కోర్టు ఖర్చే ఎక్కువవుతుంది, ఫీడ్‌బ్యాక్, రిపోర్ట్‌తో ఆపేయడమే మంచిది. పెద్దదైతే చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టుకు మీ పీడీఎఫ్‌లూ మెసేజ్‌లూ పట్టుకుని వెళ్లొచ్చు.

న్యాయమైన కారణాలూ ఉంటాయి, కాదనను. వేలం నడుస్తుండగా కెమెరా దొంగతనానికి గురైందని ఆపేసినాయన మీద వేసిన దావాను అదే జర్మన్ కోర్టు 2011లో కొట్టేసింది. నిజంగా పోయినా పగిలినా అమ్మినవాళ్లను వేధించకూడదు. అలాంటివాళ్లు మీరు అడగకముందే తామే రద్దు చేసి, అసలు కారణమే ఎంచుకుంటారు.

అసలీ జబ్బంతా కనీస ధర పెట్టకపోవడం దగ్గరే ఉంది. రిజర్వు ధర, అంటే పాట అంతవరకు రాకపోతే అమ్మక్కర్లేని ధర, పెడితే ఈబే దానికి విడిగా రుసుము తీసుకుంటుంది, వస్తువు అమ్ముడుపోకపోయినా తిరిగివ్వదు. ఆ రుసుము మిగుల్చుకోవాలనీ, చవగ్గా మొదలుపెడితే జనం మూగుతారనీ కనీసం లేకుండా పెడతారు. తీరా పాట పెరగకపోతే మాట తప్పుతారు. తక్కువకు ఇవ్వడం ఇష్టం లేకపోతే మొదటి పాటనే తమకు సరిపోయే ధరకు పెట్టుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డురారు. మరికొందరు ధర పెంచడానికి తామే ఇంకో ఖాతాతో పాడతారు. ఆ దొంగ పాటే గెలిచినప్పుడు, "గెలిచినవాళ్లు తీసుకోలేదు, మీ ఆఖరి ధరకే ఇస్తాను" అని రెండో స్థానంలో ఉన్నవాళ్లకు సెకండ్ ఛాన్స్ ఆఫర్ వస్తుంది. బిడ్ల చరిత్ర తెరిచి, మీపైన పాడిన ఖాతా ఈ అమ్మకందారు వస్తువులకే మళ్లీ మళ్లీ పాడుతోందేమో చూశాకే ఒప్పుకోండి. ఆ ఆఫర్ సైట్‌లోని మీ మెసేజ్‌లలో లేకుండా ఈమెయిల్‌లో మాత్రమే వస్తే అది మోసం, లింకు నొక్కకండి.

ఇకముందు పాడేటప్పుడు అమ్మేవాళ్ల మొత్తం శాతం చూసి ఆగిపోకండి. ఫీడ్‌బ్యాక్‌లో నెగెటివ్, న్యూట్రల్ మాత్రమే తెరిచి, గడిచిన ఏడాదిలో రద్దు అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చదవండి. "ఇతరచోట్ల కూడా అమ్మకానికి ఉంది, ఎప్పుడైనా ఆపేయవచ్చు" అని వివరణలో రాసినవాళ్ల జోలికి వెళ్లకండి.

మీ వేలం ముగిసి ఒకటి రెండు రోజులే అయింది కాబట్టి పేజీ ఇంకా కనిపిస్తుంటుంది. ముందు దాన్ని, ఫోటోలతో సహా, సేవ్ చేయండి. ఆ తర్వాత ఆయనకు పైన చెప్పినట్టు ఫోటో అడుగుతూ జవాబు రాయండి. రద్దు ఆయనే చేస్తే కారణం ఏమని పెట్టారో ఆర్డర్ వివరాల్లో చూడండి. మీరే అడిగారని ఉంటే అదే రోజు సైట్ వాళ్లకు మెసేజ్‌లు చూపించి రిపోర్ట్ చేయండి.