తెలంగాణలో పెద్దవారిని 'నువ్వు' అనడం అమర్యాదా?

కాదు. గోదావరి జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చినవారికి మొదట్లో చెవికి గుచ్చుకుంటుంది, నిజమే. గోదావరి వైపు కూరగాయల బేరంలో కూడా 'ఎంతండీ' అనే అడుగుతారు. మర్యాద మాట చివర పలుకుతుంది. తెలంగాణ పల్లెల్లో అది పిలుపులోనే ఉంది. 'కాకా (బాబాయ్), నువ్వు తిన్నావా?' అన్నప్పుడు గౌరవమంతా ఆ 'కాకా'దే. ముక్కూమొహం తెలియని మనిషికైనా ముందు అన్నా, అక్కా, తాతా అని వరస కలుపుతారు. ఆ తర్వాత 'మీరు' అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. రాయలసీమలోనూ చాలాచోట్ల ఈ వరసల వాడుకే ఎక్కువ.

ఒక్కటి గమనించండి. దొరల కోటల్లాంటి గడీల ముందు చేతులు కట్టుకుని పలికిన 'నీ బాంచెన్ దొరా' (నీ బానిసను దొరా) అన్న మాటలో ఉన్నది 'నీ', 'మీ' కాదు. అంత అణకువ కూడా ఏకవచనంలోనే పలికింది. కోస్తాలో మాత్రం? నాన్నను 'మీరు', అమ్మను 'నువ్వు' అనే ఇళ్లు ఎన్నో. అమ్మంటే గౌరవం లేకనా! ఏకవచనం వినగానే మనిషి సంస్కారాన్ని తూచడం అన్యాయం.

అయితే వరస కలపకుండా పరాయివారిని 'నువ్వు' అంటే తెలంగాణలోనూ నొచ్చుకుంటారు. కార్యాలయాల్లో ఎక్కడైనా 'సార్, మీరు' అన్నదే వాడుక.