నలభై వేల కోర్సా, కిలో జీడిపిక్కలా?

ప్రశ్న: మాది పలాస పక్క పల్లె. జీడి ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. సైన్స్ ఫెయిర్‌లో నల్ల గీత వెంట నడిచే రోబో బండిని చూసొచ్చిన దగ్గర్నుంచి అదే ధ్యాస. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలభై వేలు కడితే రోబోటిక్స్ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. దాంతో ఇస్రో దాకా వెళ్లొచ్చట. అప్పు చేసైనా కట్టమంటారా? మొన్న పాప మా ఫ్యాక్టరీకి వచ్చి, ‘నాన్నా, కటింగ్ మెషీన్‌లో కొన్ని పప్పులు గుండుగా వస్తున్నాయి, కొన్ని బద్దలైపోతున్నాయి, ఎందుకు?’ అనడిగింది. నాకు చెప్పడం రాలేదు.

జవాబు: కట్టకండి. అప్పు చేసి అసలే వద్దు.

రోబోటిక్స్ వద్దని కాదు నా మాట. పిల్లల్ని సైన్సు వైపు లాగడానికి ఇంతకు మించిన తాడు నాకు కనిపించలేదు. కానీ ఆ తాడు కిట్టులో లేదు. ఫెయిర్లకు జడ్జీగా వెళ్లినప్పుడు బండి చక్కగా నడిపిన పిల్లాణ్ణి, ‘ఇక్కడ ఈ వైరు ఎందుకు పెట్టావు?’ అనడిగితే, ‘సార్ పెట్టమన్నారు’ అన్న జవాబే ఎక్కువసార్లు విన్నాను. బండి నడిచింది గానీ పిల్లాడు నేర్చుకున్నది లేదు.

బండి మొరాయించినప్పుడే చదువు మొదలవుతుంది. రెండు చక్రాలకు రెండు మోటార్లు పెడతారు. రెండూ ఒకే రకం, బ్యాటరీ కూడా ఒకటే. అయినా బండి తిన్నగా పోదు, ఒక పక్కకి లాగేస్తుంది, ఎందుకంటే ఏ రెండు మోటార్లూ అచ్చు ఒకేలా తిరగవు. అప్పుడు పాప చేయాల్సిన పని ఇది: రెండు మీటర్లు నడిపించి ఎన్ని సెంటీమీటర్లు పక్కకి జరిగిందో స్కేలుతో కొలవాలి. ప్రోగ్రామ్‌లో మోటారు వేగానికి 0 నుంచి 255 దాకా నంబరు ఇస్తారు. వేగంగా తిరిగే చక్రానికి ఆ నంబరు కొంచెం తగ్గించి, మళ్లీ నడిపి, మళ్లీ కొలిచి, నోటుబుక్కులో రాసుకోవాలి. పది సార్లు ఇలా చేసిన పిల్లకి ప్రయోగం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ముచ్చట చెప్తాను, నాకు బాగా ఇష్టమైనది. అడ్డం ఎంత దూరంలో ఉందో కనిపెట్టే అల్ట్రాసోనిక్ సెన్సార్ ఒకటుంటుంది. మన చెవికి వినపడని శబ్దం వదిలి, అది తగిలి వెనక్కి రావడానికి పట్టిన కాలం చూసి దూరం లెక్క కడుతుంది. పోవడం, రావడం రెండూ కలిసున్నాయి గనక రెండుతో భాగించాలి. గాలిలో శబ్దం వేగం సెకనుకు 343 మీటర్లని ప్రోగ్రామ్‌లో రాస్తే అది 20 డిగ్రీల వేడికి సరైన అంకె. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే ఆ వేగం సుమారు 352కి పెరుగుతుంది. అంటే 2 మీటర్ల దూరంలో ఉన్న గోడని మీ పాప బండి 195 సెంటీమీటర్లని చూపిస్తుంది. సెన్సార్ పాడైందని పారేసే పిల్లలున్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొలిచి తేడా పట్టుకునే పిల్లలూ ఉంటారు. నాకు ఆ రెండో రకమే కావాలి.

ఇదంతా చేయడానికి ఆర్డునో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం బండిని నడిపించే చిన్న కంప్యూటర్ లాంటిది), మోటార్లు, సెన్సార్, చక్రాలు అన్నీ కలిపినా రెండు మూడు వేలకు మించదు. అది కూడా ఇప్పుడే కొనకండి. అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు ఇలాంటివి సొంతంగా చేసి చూసే ప్రయోగశాల, ఉన్న బడి మీ దగ్గర్లో ఏదైనా ఉందేమో హెడ్మాస్టరు గారినడగండి. 2016లో మొదలైన ఈ పథకంలో ఎంపికైన బడికి కేంద్రం 20 లక్షల దాకా ఇస్తుంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసమే అది. ల్యాబ్ వేరే బడిలో ఉన్నా, శనివారం రానిస్తారా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇస్రో మాట ఎత్తారు గనక అదీ చెప్పేస్తాను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో దిగిన ప్రజ్ఞాన్ ఆరు చక్రాల రోబో బండే, బరువు 26 కిలోలు. అలాంటివి చేసే చోటికి ప్రైవేటు సర్టిఫికెట్‌తో ఎవరూ పోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ అనే అంతరిక్ష విద్యాసంస్థకి పోవచ్చు, లేదా బీటెక్ మంచి మార్కులతో ముగించి ఇస్రో పరీక్ష రాయొచ్చు. డిప్లొమా వాళ్లకి టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐ వాళ్లకి టెక్నీషియన్ పోస్టులూ పడతాయి. తొమ్మిదో తరగతి వాళ్ల కోసం ఇస్రో యువికా అనే కార్యక్రమం నడుపుతుంది, పల్లె బడుల పిల్లలకు అందులో అదనపు వెయిటేజీ ఉంది. ప్రకటన కోసం చూస్తూ ఉండండి.

పదో తరగతి తర్వాత మీకు అన్నిటికన్నా దగ్గరి దారి ఎచ్చెర్ల దగ్గరున్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు, సర్కారు బడి పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు. అది రాకపోతే ఇంటర్ ఎంపీసీ, లేదా పాలిసెట్ రాసి డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి. బ్రాంచి పేరులో రోబోటిక్స్ లేదని బెంగ వద్దు. మెకానికల్, ఈసీఈ, ఈఈఈ, కంప్యూటర్ సైన్స్ నలుగురూ కలిస్తేనే రోబో. అప్పటిదాకా లెక్కలు, ఫిజిక్స్ వదలకుండా చూడండి చాలు.

ఇక పాప అడిగిన పప్పుల ప్రశ్న. మీరు జవాబు చెప్పలేకపోయినందుకు నొచ్చుకోకండి, నేనూ ఇక్కణ్ణుంచి చెప్పలేను. ఒక కిలో పిక్కలు తెచ్చి ఆమె ముందు పోయండి. వంద పిక్కల పొడవు, మందం కొలిచి, నంబరు వేసి, మెషీన్‌లోకి పంపి, ఏది గుండు, ఏది బద్ద అని రాయమనండి. మెషీన్ దగ్గర మీరే ఉండండి, ఆ తొక్క నూనె చేతుల్ని ఎలా కాలుస్తుందో మీకు తెలుసు. పరిమాణానికీ విరగడానికీ సంబంధం కనిపిస్తే, పిక్కల్ని ముందే సైజువారీగా వేరు చేసే చిన్న యంత్రం ఆమె మొదటి రోబో అవుతుంది. ఆ ఆలోచనని బడి పిల్లల కొత్త ఆలోచనలకు డబ్బిచ్చే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మానక్‌కి బడి తరఫున పంపొచ్చు, ఎంపికైతే నమూనా చేయడానికి 10 వేలు పాప ఖాతాలోనే పడతాయి.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్, అంటే చిన్న వస్తువుల మందాన్ని స్కేలు కన్నా కచ్చితంగా కొలిచే పరికరం, కావాలి. హైస్కూలు సైన్సు బీరువాలో ఒకటి ఉండే ఉంటుంది. తాళం ఏ మాస్టారి దగ్గరుందో రేపు పొద్దున్నే కనుక్కోండి.