టమాటాకి నులిపురుగా? ముందు ఆ చేలో పొగాకు నారు పోశారేమో చూసుకోండి

టమాటా మొక్కకి వేరుబుడిపె నులిపురుగును తట్టుకునే శక్తి సహజంగా పెరగాలంటే ఏం పిచికారీ చేయాలని అడిగారు. నేలలో ఉండి వేళ్ళలో దూరి బుడిపెలు పుట్టించే, కంటికి ఆనని సన్నటి పురుగది. పిచికారీల సంగతి నన్నడగండి. ఒక పంటకాలమంతా సత్తువ మందులు కొట్టాను, ఒక్క సాలు కూడా నిలబడలేదు. నా లెక్కలో ఆ శక్తి నేలలోనూ నారులోనూ రావాల్సిందే.

మాది కందుకూరు వైపు. బోరు కింద ఎకరంన్నర, ఇసుక కలిసిన ఎర్రనేల. ఆ చెక్కలో నాలుగేళ్ళు వరసగా పొగాకు నారుమళ్ళు పోశాం. మా వైపు నారు పెంచి అమ్మడం కూడా ఒక పంట కిందే లెక్క. నారుకి ధర పడిపోయిన ఏడాది అది మానేసి టమాటా పెట్టాను. నలభై రోజులు దాటాక మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాల్చేవి, పొద్దుగూకేసరికి లేచేవి. నీళ్ళు చాల్లేదనుకుని డ్రిప్పు ఇంకో గంట వదిలాను. ఆకులు పసుపురంగుకి తిరిగాయి. మందుల కొట్లో చూపిస్తే ఇనుము లోపమన్నారు, తర్వాతి వారం యూరియా పారించమన్నారు. మొక్క పీకి వేరు చూపించమని ఒక్కరూ అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. రైతు పట్టుకెళ్ళిన ఆకు చూసి సీసా చేతిలో పెట్టడమేనా?

పక్క చేను పెద్దాయన పొగాకు నారుల్లోనే తల పండినవాడు. గట్టు మీద నిలబడి చూసి, "ఒకటి పీకు అబ్బయా" అన్నాడు. నేను లాగబోతే ఆగమని, తనే పారతో చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా లేపి బకెట్టు నీళ్ళలో జాడించాడు. దారానికి అల్లం ముక్కలు గుచ్చినట్టు వేరు పొడుగునా బుడిపెలు.

"వేరుశనగకి ఉండేవి ఇట్టాంటివే గదా మామా, మంచివే గదా?" అన్నాను.

ఆయన ఒకదాన్ని గోటితో గిల్లాడు. బుడిపె ఊడలేదు, వేరు తెగింది. "శనగ బుడిపె పక్కన అంటుకోనుంటది, రుద్దితే రాలిపోద్ది. ఇది వేరు లోపల్నించి ఉబ్బింది. నీ పొగాకు నారుకి పట్టిందే దీనికీ పట్టింది. మా కాలంలో ఊక పోసి మడి కాల్చకుండా నారు పోసింది లేదు."

పొగాకు, టమాటా, వంగ, మిరప అన్నీ ఒకే కుటుంబం. ఆడపురుగు వేరులో కూర్చుని వందల్లో గుడ్లు పెడుతుంది, వెచ్చటి నేలలో సుమారు నెలకో తరం పుడుతుంది. తడి ఆరకుండా నాలుగేళ్ళు నారు పోసిన మడిలో అది ఎంత పెరిగి ఉంటుందో మీరే చూసుకోండి.

పుట్టుకతో తట్టుకునే టమాటాలు లేకపోలేదు. అడవి టమాటా నుంచి 1940లలో తెచ్చిన మి (Mi) అనే జన్యువు ఉన్న రకాల్లో, పురుగు తినబోయిన చోట వేరు కణాలు వెంటనే చచ్చిపోయి దానికి తిండి లేకుండా చేస్తాయి. మన దేశపు రకాల్లో హిసార్ లలిత్ నులిపురుగును తట్టుకుంటుంది. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ జన్యువు బలం తగ్గిపోతుంది. మార్చి తర్వాత మా నేల 28 దగ్గర ఎక్కడ ఆగుతుంది? అందుకే చలి మొదలయ్యే ముందు నాటండి, సాళ్ళ మధ్య వరిగడ్డి పరవండి. ఎండాకాలం పంటకి విత్తనం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నేను రెండేళ్ళు ఆ చెక్కలో టమాటా పెట్టలేదు. ఒక ఏడాది నువ్వులు, ఒక ఏడాది బంతి. వేసవిలో లోతు దుక్కి దున్ని రోహిణి ఎండకి వదిలేశాను. బంతి విషయంలో మాత్రం చాలామంది పొరబడుతున్నారు. టమాటాలో పదహారు సాళ్ళకి ఒక సాలు బంతి పెట్టేది కాయతొలిచే పురుగు కోసం. నులిపురుగు తగ్గాలంటే టమాటాకి ముందు చేనంతా బంతే ఒక పంటగా ఉండాలి. గట్టు మీద నాలుగు మొక్కలు పెట్టి బంతి పనిచేయలేదంటే ఎట్టా?

టమాటా నారుమడిని ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, అవతలకి కనపడే పల్చని ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచాను. తర్వాత 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (పంటకి మేలు చేసే బూజు పొడి) కలిపి, నీడలో తడి గోనెపట్టాల కింద పదిరోజులు మగ్గబెట్టి మడిలోనూ నాటే గుంటల్లోనూ వేశాను. నారు కొనేవాళ్ళయితే డబ్బులిచ్చే ముందే పది మొక్కల వేళ్ళు కడిగి చూడండి. ఒక్క బుడిపె కనపడినా ఆ నారు చేలోకి రానివ్వద్దు.

ఈ ఏడాది ఆ చెక్కలో మళ్ళీ టమాటా పెట్టి, ఆఖరి కోత అయ్యాక పది మొక్కలు తవ్వి చూశాను. ఏడింటి వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మూడింటికి కొసవేళ్ళ మీద ఆవగింజంత బుడిపెలున్నాయి. ఆ మూడూ బోరు పక్కన, పాత నారుమళ్ళు ఉన్న చోటివే. అక్కడ మళ్ళీ బంతి వేస్తున్నాను. మీ చేలో గత మూడేళ్ళు ఏమేం వేశారో రాయండి, నేల ఇసుకదా నల్లరేగడా కూడా చెప్పండి.