ఏజీసీ ఆపావా అల్లుడూ?

పలాస

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ రేడియో రిసీవర్ ఫిల్టరును కొలిచి నువ్వు పంపిన గ్రాఫు చూశాను. 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పునే పోనిచ్చే ఫిల్టరంటే గీత బోర్లించిన కుంచంలా నిటారుగా ఉండాలి. నీది బోర్లించిన గంపలా ఉంది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టకు. ముందు ఇది చెప్పు, సిగ్నల్ తగ్గితే తనంతట తానే గెయిన్ పెంచే ఆ ఏజీసీని ఆపావా?

ఆపి ఉండవు. మొదటిసారి నేనూ ఆపలేదు. సిగ్నల్ జనరేటర్‌ను 100 హెర్ట్జ్ చొప్పున జరుపుతూ, ఆడియో వోల్టేజీ రాసుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. ఫిల్టరు ఎంత తొక్కితే ఏజీసీ అంత పైకి లేపుతోందని తట్టలేదు. మీ అత్తయ్య నోటుబుక్కు చూసి "రాసిందే రాస్తన్నారేటి?" అంది. అప్పుడు వెలిగింది.

అసలు ఆడియోను కొలవడమే మానేయ్. జనరేటర్‌కీ రిసీవర్‌కీ మధ్య సిగ్నల్‌ను మెట్లుమెట్లుగా తగ్గించే స్టెప్ అటెన్యుయేటర్ పెట్టు. ఫిల్టరు నడిమధ్యన 70 డీబీ (డెసిబెల్లు) వేసి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ఎక్కడుందో గుర్తుపెట్టుకో. ఫ్రీక్వెన్సీ పక్కకు జరిపితే మీటర్ పడుతుంది. అటెన్యుయేటర్‌లో డీబీలు తీసేస్తూ మళ్లీ అదే గుర్తుకు తీసుకురా. నువ్వు తీసినన్ని డీబీలే ఫిల్టరు కోసినవి. మీటర్ అబద్ధమాడినా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే అబద్ధం ఆడితే చాలు.

60 డీబీ దగ్గరి వెడల్పును 6 డీబీ దగ్గరి వెడల్పుతో భాగిస్తే షేప్ ఫ్యాక్టర్, 1కి ఎంత దగ్గరైతే అంచు అంత నిటారు. క్రిస్టల్ ఫిల్టర్ల కాలంలో 2 వస్తే సంబరపడేవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లోని ఎఫ్ఐఆర్ ఫిల్టరులో ట్యాప్‌లు, అంటే లెక్కలో వాడే గుణకాలు, పెంచితే 1.1 కూడా తేలికే. అలాగని ఎడాపెడా పెంచకు. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో 4,801 ట్యాప్‌లు పెడితే ఆడియో 50 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మోర్స్‌లో చకచకా బదులిచ్చేవాడికి అది తెలిసిపోతుంది.

దిగువన గీత చదునుగా సాగుతుంటే జనరేటర్ ఆపి చూడు. మీటర్ కదలకపోతే అంతసేపూ నువ్వు కొలిచింది నాయిస్‌నే. నీ రిసీవర్ డాంగిల్‌లో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీ 8 బిట్లది, దాని పరిధి ముడి లెక్కన 50 డీబీ. వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్ నుంచి 2.4 కిలోహెర్ట్జ్‌కి దిగేసరికి ఇంకో 30 కలిసొస్తుందని పుస్తకం లెక్క. జనరేటర్ ఫేజ్ నాయిస్, అంటే దాని సిగ్నల్ చుట్టూ ఉండే సొంత రొద, అంతదాకా పోనిస్తేగా!

అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేలా రొద చేసే నాయిస్ సోర్స్ పెట్టి ఆడియో స్పెక్ట్రం తీసే పద్ధతి త్వరగా అవుతుంది. పైభాగం చూడ్డానికి వాడుకో. 100 సార్ల సగటు తీస్తే గీత ఊగిసలాట అర డీబీకి తగ్గుతుంది. కానీ క్యారియర్ (ఆడియోలో సున్నా హెర్ట్జ్ అయ్యే చోటు) అవతలి అంచు ఆడియోలో మడతపడి ఇవతలి దాంతో కలిసిపోతుంది, విడదీయలేవు. శాంపిళ్ల ముక్క చివర్లను మెల్లగా తగ్గించే విండో లేకుండా ఎఫ్ఎఫ్‌టీ (స్పెక్ట్రం లెక్క) తీస్తే కనిపించే అంచు ఒక్క ఫిల్టరుదే కాదు. బ్లాక్‌మన్-హ్యారిస్ విండో పెట్టు.

ఈ అంచుల పిచ్చి నాకెప్పుడు పట్టిందో చెప్పనా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన దగ్గర తీరం దాటాక. కరెంటు లేక బ్యాండు మీద గరగర కూడా పోయింది. బ్యాటరీతో 40 మీటర్ల హ్యామ్ బ్యాండు పెడితే సన్నగా ఒక గొంతు. 3 కిలోహెర్ట్జ్ అవతల గట్టి స్టేషన్ లేచి దాన్ని మింగేసింది. ఫిల్టరు పేరుకి 2.4.

ఆదివారం విజయనగరం వస్తున్నాను, అటెన్యుయేటర్ తెస్తాను. నువ్వు మంచి కేబుళ్లు రెండు చూసి ఉంచు. నాసివైతే సిగ్నల్ అటెన్యుయేటర్‌ను తప్పించుకుని పక్కదారిన దూరుతుంది. జీడిపప్పు మీ అత్తయ్య కడుతోంది.

మీ మావయ్య