పింఛను రాయించే ముందు

చి. సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

మీ వీధిలో పెద్దవాళ్ళకు పింఛన్లు, ఆరోగ్య కార్డులు దగ్గరుండి రాయించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అని రాశావు. నేను మండలాఫీసులో బల్లకి అవతల కూర్చుని ఇవే దరఖాస్తులు తీసుకున్నవాణ్ణి. రిటైరయ్యాక ఇవతల నిలబడి నలుగురికి రాసిపెడుతున్నాను. రెండువైపులా చూశాను కాబట్టి చెప్తున్నా, ఫారం నింపడం ఆఖరి పని. అసలు శ్రమంతా దానికి ముందే ఉంటుంది.

ఏ ఇంటికెళ్ళినా "మీకు ఏ పథకం కావాలి" అని అడగకు. అది తెలిస్తే నీదాకా రారు. "మీ కాగితాలు ఒకసారి చూపిస్తారా మామ్మగారూ" అను. ట్రంకుపెట్టె అడుగునుంచి ఓ ప్లాస్టిక్ కవరు బయటికొస్తుంది. ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు, ఎప్పటిదో కరెంటు బిల్లు, మధ్యలో ఎవరిదో పెళ్ళి శుభలేఖ. అన్నీ మంచం మీద పక్కపక్కన పరిచి పేర్లు చదువు. ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ ఉంటుంది, రేషన్ కార్డులో ఉత్త సుబ్బమ్మ, పాసుబుక్కులో సుబ్బాయమ్మ. వీధిలో అందరికీ ఆవిడ ఒక్కతే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. ముందు ఆధార్‌లో ఉన్న పేరు సరైనదో కాదో తేల్చి, మిగతావి దానికి సరిపోయేట్టు మార్పించు.

తర్వాత పుట్టిన తేదీ. చాలామందికి జనవరి 1 అని కనిపిస్తుంది. ఆధార్ తీసిన రోజున "ఎన్నేళ్ళు" అని అడిగితే నోటికొచ్చిన సంఖ్య చెప్పారు, తేదీ తెలియనివాళ్ళకి జనవరి 1 పడిపోయింది. అందుకే మునిమనవణ్ణి ఎత్తుకున్న ముసలమ్మకి కార్డులో యాభై ఆరేళ్ళు ఉంటాయి. దాన్ని మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు, అదీ రుజువు ఉంటేనే. కాబట్టి నెట్ సెంటరువాడు "మార్చేద్దాం అమ్మా" అన్నాడని తలూపకు. చేతిలో గట్టి కాగితం ఉంటేనే కదిలించు.

ఫోను నంబరు సంగతీ అంతే. ఆధార్‌కి ఏ నంబరు జతచేసి ఉందో వాళ్ళకి గుర్తుండదు. బెంగుళూరులో ఉన్న కొడుకు పాత నంబరు అయి ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, ఇక్కడ పని ఆగుతుంది. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి ముందు ఇది సరిచేయించు. వేలిముద్ర పడనివాళ్ళు నీకు ప్రతి వీధిలోనూ తగులుతారు. జన్మంతా నాట్లు వేసి, అంట్లు తోమిన చేతులకి గీతలెక్కడుంటాయి? వేలు మార్చి చూడమను, చెయ్యి కడిగి, తుడిచి పెట్టించు. అయినా పడకపోతే కంటిపాపతోనో ముఖం ఫొటోతోనో చూడమని నువ్వే అడగాలి. ఆ పెద్దావిడ అడగదు. "నా చెయ్యి మంచిది కాదు" అనుకుని ఇంటికి వచ్చేస్తుంది.

మొదటి పనిగా ఏం చేయాలంటే, నేనైతే డెబ్బై దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయిస్తాను. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో పని లేదు, తెల్లకార్డుతో పని లేదు, ఆధార్ ఒక్కటి చాలు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం. ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళు ఇద్దరుంటే ఆ ఇద్దరికీ కలిపి అంతే. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్న పింఛనుదార్లు మాత్రం అదో ఇదో ఏదో ఒకటి ఎంచుకోవాలి. పింఛనుకు తిరిగినంత తిరుగుడు దీనికి ఉండదు. పైగా చేతికి ఒక కార్డు వచ్చిందంటే నీ మాట మీద వాళ్ళకి నమ్మకం కుదురుతుంది. మిగతా కాగితాలు అప్పుడు తీస్తారు.

ఇక పింఛను. మన ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000. వయసు 60 నిండాలి, ఎస్టీలకైతే 50. తెలంగాణలో వయసు హద్దూ సొమ్మూ వేరు, మీ అత్తగారివైపు వాళ్ళెవరైనా అడిగితే ఇక్కడి లెక్క అక్కడ చెప్పకు. కొత్త దరఖాస్తులు ఏడాది పొడుగునా తీసుకోరు. ప్రభుత్వం తెరిచినప్పుడే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో తీసుకుంటారు. ఆ రోజు కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నవాడిదే ముందు పడుతుంది.

అర్హత దగ్గర జనం బోల్తాపడేది వయసుతో కాదు. భూమి, ఇంటి ఆదాయం, నాలుగు చక్రాల బండి, ఇంట్లో ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు వాడకం, ఇవన్నీ చూస్తారు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇక్కడే ఓ తమాషా ఉంది. ఓ ముసలావిడ పాకలో ఒక బల్బు, ఒక ఫ్యాను. కానీ ఇంకెవరిదో మేడ మీటరు ఆవిడ ఆధార్‌కి తగులుకుని ఉంటుంది. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడిగి ఏ సర్వీసు నంబరు జతపడిందో చూపించమను. తప్పయితే ఆవిడ పేరున ఉన్న బిల్లు తీసుకుని కరెంటు ఆఫీసుకెళ్ళి ఆ జత తీయించాలి. అలాగే కొడుకు ఉద్యోగం చేస్తూ వేరే ఊళ్ళో ఉన్నా, ఒకే రేషన్ కార్డులో ఒకే ఇల్లుగా నమోదై ఉంటే అతని జీతం ఈ ముసలాళ్ళ నెత్తిన పడుతుంది. ఇవి పింఛను కోసం కాచుకుని కూర్చునే రోజుల్లోనే కదిలించాల్సిన పనులు.

భర్త పోయినవాళ్ళ విషయంలో ఆలస్యం చేయకు. పింఛను తీసుకుంటున్న ఆయన పోతే అది భార్యకి మార్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి ఉంది. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే తిప్పలుండవు. పదకొండో రోజు హడావిడిలో ఎవరికీ ఇది గుర్తురాదు, నువ్వు పక్కింటి మనిషిగా వెళ్ళి మెల్లిగా చెప్పు.

నడవలేనివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు ఉంటే వయోశ్రీ అని కేంద్రం పథకం ఉంది. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. చేతికర్ర, వినికిడి మిషను, చక్రాల కుర్చీలాంటివి శిబిరాలు పెట్టి ఇస్తారు. శిబిరం ఎప్పుడో మనకెవరూ ఇంటికొచ్చి చెప్పరు, కలెక్టరాఫీసులో వయోవృద్ధుల సంక్షేమ విభాగంలో కనుక్కుంటూ ఉండాలి.

కొందరు అసలు ఒప్పుకోరు. "మాకెందుకమ్మా, లేనోళ్ళకి ఇప్పించు" అంటారు, ఆ పూట ఇంట్లో మందులు అయిపోయి ఉన్నా సరే. వాళ్ళతో వాదించకు. "ఇది హక్కు" అని ఉపన్యాసం చెప్తే ఇంకా ముడుచుకుపోతారు. బీపీ మాత్రలు ఎన్ని రోజులకు వస్తున్నాయి, కళ్ళ పరీక్ష చేయించుకుని ఎంతకాలమైంది అని అడుగు, మాట దానంతటదే అక్కడికి వస్తుంది. ఇరుగుపొరుగు వినేట్టు మాత్రం అడగకు. అరుగు మీద నలుగురు కూర్చున్నప్పుడు అసలు ఎత్తకు.

నీ జాగ్రత్తలో నువ్వుండాలి తల్లీ. అసలు కాగితాలు నీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోకు. జిరాక్సు తీసుకుని, చూసినవి చూసినట్టే ఆ కవరులో పెట్టి ఇచ్చేయ్. ఏటీఎం కార్డు, పిన్ను చేతికిచ్చినా పుచ్చుకోకు. ఓటీపీ వచ్చినప్పుడు అది దేనికొచ్చిందో వాళ్ళకి చదివి వినిపించు. "పింఛను రాయిస్తా, ఖర్చులకి ఇవ్వండి" అనేవాళ్ళు వీధికొకడు ఉంటాడు. అలాంటివాడితో గొడవపడక్కర్లేదు, సచివాలయంలో ఇచ్చే దరఖాస్తు నంబరు చూపించమని అడిగితే చాలు, జారుకుంటాడు.

"కాదు" అన్నారంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద తీసుకో. నోటిమాటతో వెనక్కి రాకు. కారణం తెలిస్తే సగం కేసులు సర్దుకుంటాయి. సర్దుకోకపోతే సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. అక్కడిదాకా రాలేనివాళ్ళకి 1100 నంబరు ఉంది. ఇవేవీ కదలకపోతే సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పిల్లలు చూడట్లేదని ఏడ్చేవాళ్ళూ నీకు తగులుతారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 దాకా పోషణ ఇప్పించే అధికారం ఉంది. చూసుకుంటామన్న షరతు రాయించుకుని ఇల్లు రాసిచ్చాక వదిలేస్తే ఆ దస్తావేజు రద్దు చేయించవచ్చు కూడా. కానీ అర్జీ అనగానే చాలామంది తల్లులు వెనక్కి తగ్గుతారు. తొందరపెట్టకు. పెద్దవాళ్ళ కోసం పెట్టిన సాయం ఫోను 14567 ఎల్డర్‌లైన్ వాళ్ళు ముందు మాట్లాడి చూస్తారు, ఆ నంబరు రాసి గోడకి అంటించి రా.

నువ్వు రాసిన ఆ తాతగారి పింఛను ఆగిపోయిన సంగతి. కూతురి దగ్గర ఉండిపోయారు అన్నావు కదా, ఎన్ని నెలలు తీసుకోలేదో ముందు కనుక్కో. ఒకటి రెండు నెలలు తప్పితే మూడో నెల ఒకటో తారీఖున ఆయన ఇంట్లో ఉంటే కలిపి ఇచ్చేస్తారు. మూడూ తప్పితే పేరు తీసేస్తారు, మళ్ళీ పెట్టించమని అర్జీ పెట్టాలి. పింఛను కార్డు, ఆధార్ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, అర్జీ నేనే రాసిస్తాను. ఒకటో తారీఖుకి మాత్రం ఆయన్ని ఎలాగైనా తన ఇంటికి రమ్మను.

అల్లుడిగారిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న