గడగడా చదివాడని మోసపోకు

శ్రావణీ,

తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు తొమ్మిదో క్లాసుకొచ్చాక భాషలో, చదువులో ఎలా ఉన్నారో చూడాలని నీ థీసిస్‌కి తీసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది బిడ్డా, గుబులుగానూ ఉంది.

బరువు తల్లిని అడిగి రాసుకోకు. డిశ్చార్జి కాగితమో తల్లీబిడ్డల కార్డో చూడు. సరిగ్గా 2.5 కిలోలని ఉంటే అనుమానించు. ముల్లు కాస్త ఇవతలే ఆగినా రెండున్నర అని రాసేయడం మామూలే. తక్కువ బరువంటే 2,500 గ్రాముల లోపు కాబట్టి, ఆ బిడ్డ నీ లెక్కలోకే రాదు. ఎన్ని వారాలకు పుట్టిందో కూడా రాసుకో. 33 వారాలకు 1.8 కిలోలుంటే నెలలకు తగిన బరువే, ముందుగా పుట్టిందంతే. 38 వారాలకు అదే 1.8 అంటే కడుపులో ఎదుగుదలే తగ్గింది. రెంటినీ కలిపేయకు. చూపు, వినికిడి ముందే పరీక్ష చేయించు.

ఇక అసలు తప్పు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్నదే: పిల్లాడి చేత పేజీ పైకి చదివించి, నిమిషానికి ఎన్ని మాటలో లెక్కపెట్టి, ‘బాగానే చదువుతున్నాడు’ అని రాసేయడం. తెలుగులో గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే అర్థం కాని వాక్యాన్నైనా గడగడా చదివేయొచ్చు. నువ్వూ ఆరో క్లాసులో సాంఘికశాస్త్రం అలాగే అప్పజెప్పేదానివి, మర్చిపోయావా? చదవడమంటే అక్షరాలు పలకడం, అర్థం చేసుకోవడం రెంటి గుణకారమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లోనే అన్నారు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద జరిగిన పరిశోధనల్ని 2012లో కలిపి చూస్తే, క్లిష్టమైన భాషలో వెనకబాటు 3 నుంచి 12 ఏళ్ళ మధ్య పెరుగుతూ పోయింది. రెండేళ్ళకు మాటలొచ్చాయని ఫైలు మూసేస్తే అది దొరకదు.

అందుకని ఇలాంటి వాక్యం ఇవ్వు: ‘అన్న కొన్న పెన్ను పోగొట్టిన చెల్లిని అమ్మ తిట్టలేదు.’ కొన్నదెవరు, పోగొట్టిందెవరు, తిట్లు తప్పిందెవరికి? ఇలాంటి వాక్యంలో వెనకబడ్డ పిల్లలు తరచు మొదట కనబడ్డ పేరో చివరి పేరో పట్టుకుంటారు. ఇంకొకటి: ‘రవి గొడుగు దులిపి గుమ్మంలో పెట్టాడు.’ బయట ఎలా ఉంది? వాన అన్న మాట వాక్యంలో లేదు, ఊహించాలి. తప్పు చెబితే వాక్యాన్ని ముక్కలు చేసి మళ్ళీ అడుగు. చిన్న వాక్యాల్లో సరిగ్గా చెబితే, మాటలు తెలియక కాదు, అంత పొడుగు వాక్యం మనసులో నిలవకనో, దాని ముడి విప్పుకోలేకనో తప్పి ఉండొచ్చు. పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ముందు ఉర్దూలో అడిగించు. తెలుగో ఇంగ్లీషో రాకపోవడాన్ని బరువు ఖాతాలో రాయకు.

పరీక్ష పెట్టేవాళ్ళకు ఏ పిల్లాడి బరువెంతో తెలియకూడదు. తల్లి చదువు తప్పకుండా రాసుకో, భాష మీద దాని ప్రభావం చిన్నది కాదు. దొరికితే అదే ఇంట్లోని అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పోల్చు. ఆ రోజు బడికి రాని పిల్లల ఇంటికి వెళ్ళు. వాళ్ళని వదిలేస్తే మిగిలేది ఎక్కువగా బాగా చదివేవాళ్ళే.

నాకున్న భయం ఒకటే. ‘తక్కువ బరువుతో పుట్టాడు కాబట్టే చదువు రావట్లేదు’ అని పొరపాటున కూడా ఆ తల్లి ముందు అనకు, పిల్లాడి ముందు అసలే వద్దు. నీ లెక్క గుంపు సగటుది. 1,500 గ్రాములతో పుట్టి క్లాసులో ముందుండేవాళ్ళూ ఉంటారు. ఆ ఒక్క మాట ఆ అమ్మ జీవితాంతం మోస్తుంది. దాన్ని వెనక్కి తీసుకోవడం నీ తరం కాదు, ఏ డాక్టరు తరమూ కాదు.

ముందు ఓ నలుగురు పిల్లలతో ఆ వాక్యాలు చెప్పించి చూడు, వాళ్ళన్నది అన్నట్టే రాసి ఆదివారం పట్టుకురా. పెసరట్లు వేస్తాను, కూర్చుని ప్రశ్నలు సరిచేద్దాం.

మీ పెద్దమ్మ